గురువారం నాటి ప్రభువుల సభ

పరంధామయ్యగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. మూడు వందల అరవై ఆరేళ్ళ కిందట, సరిగ్గా ఇవాళ్టి తేదీన, ఇంగ్లండు ప్రభువుల సభలో ఏం జరిగిందో ఆయన రోజూ ఎవరో ఒకరికి చదివి వినిపించాలి. వినిపిస్తే గాని కాఫీ గొంతు దిగదు. వినేవాళ్ళు ఎవరన్న పట్టింపు లేదు. అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో మా వీధి తెలుగువాళ్ళందరం ఏదో ఒక రోజు ఆయనకి దొరికిపోయినవాళ్ళమే. ఒకసారి చెత్త ట్రక్కు డ్రైవరు దొరికాడు. పాపం అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఇంజను ఆపి, టోపీ తీసి, చివరిదాకా విన్నాడు. ప్రార్థన అనుకున్నాడట.

2007 ఏప్రిల్‌లో మేము ఆ వీధిలోకి మారాం. రెండో రోజు పొద్దున్న ఏడున్నరకి బెల్ మోగింది. తలుపు తీస్తే, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో నాలుగు కాగితాలు, అరవై అయిదు దాటిన పెద్దమనిషి.

"నేను రాధారాణి వాళ్ళ నాన్నని. పక్కిల్లే. మీకు తెలిసిందో లేదో, జింకల్ని చంపేశారు."

నేను హడలిపోయాను. "అయ్యో! ఎక్కడండీ? మన వెనక పార్కులోనా?"

"కాదమ్మా, ఒక ప్రభువుగారి అడవిలో. ఊరి జనం కంచె పీకి లోపలికి జొరబడ్డారట. సభ చాలా సీరియస్‌గా తీసుకుంది."

"ఎప్పుడు జరిగింది?"

"1641లో."

వెనక నుంచి నా భర్త భాస్కర్ టూత్ బ్రష్ నోట్లో పెట్టుకునే అడిగాడు. "మరి దొంగల్ని పట్టుకున్నరా?"

పరంధామయ్యగారి మొహం వెలిగిపోయింది. అంతవరకూ అమెరికాలో ఆయన్ని తిరిగి ప్రశ్న అడిగిన మొదటి మనిషి భాస్కరేనని తర్వాత రాధారాణి చెప్పింది.

ఈ పిచ్చికి ఒక కథ ఉంది. హైదరాబాదులో శాసనమండలి ఉన్న రోజుల్లో ఆయన అక్కడ షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. సభ్యులు మాట్లాడింది మాట్లాడినట్టు రాయడం ఆయన ఉద్యోగం. ఒక సభ్యుడు ఆవేశంలో ఏదో నోరు జారి, సాయంత్రం ఆయన గదికి వచ్చి "నేనన్నది అది కాదయ్యా, కొంచెం సరిచెయ్యి" అని బతిమాలాడట. "మీరు అన్నది రాశానండీ. అనుకున్నది నేను రాయలేను" అన్నాడట ఈయన. 1985లో మండలినే రద్దు చేశారు. ఆయన్ని వేరే ఆఫీసులో పడేశారు. అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడరు, రాయడానికేమీ లేదు. "నా సభ పోయింది" అని చాలాకాలం మనిషి కాలేకపోయాడట.

భార్య పోయాక కూతురి దగ్గరకొచ్చి ఉన్నాడు. ఇక్కడ ఆయనకి ఒక పని దొరికింది. ఇంగ్లండులో ఒక సంస్థ ఆ పాత సభ రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. టైపు చేసిన పేజీని పాత పుస్తకం ఫోటోతో పోల్చి తప్పులు పట్టే వలంటీర్లలో ఈయన చేరాడు. ఆయనకి మళ్ళీ సభ దొరికింది. ఏ సభైతేనేం! ప్రార్థనతో మొదలవుతుంది, హాజరైనవాళ్ళ పేర్లు ఉంటాయి, కింది సభ నుంచి కబురొస్తుంది, పేదవాళ్ళ అర్జీలు చదువుతారు, రేపటికి వాయిదా వేస్తారు.

మేము ఆ వీధికి వచ్చిన ఏడాదే మన మండలిని మళ్ళీ పెట్టారని తెలిసి, వీధి వీధంతా తిరిగి కేసరి పంచాడు. ఎవరింటికెళ్ళినా "ఎగువ సభ తిరిగొచ్చింది" అన్నాడు. సగం మంది ఆయనకి మనవడు పుట్టాడనుకుని కంగ్రాట్స్ చెప్పారు.

రికార్డు విషయంలో ఇంట్లో కూడా అదే పట్టు.

"నాన్నా, మొన్న ఉప్మా బాగుందన్నావుగా, అందుకే మళ్ళీ చేశా."

"అనలేదమ్మా. 'ఉప్మా అయిందా' అన్నాను."

రాధారాణి నావైపు తిరిగి, "చూశావా సుధా, ఈయనతో ఎలా వేగాలో చెప్పు" అనేది.

ఒక్క నియమం మాత్రం ఆయన ఎవరికోసమూ సడలించేవాడు కాదు. ముందు పేజీ చదవడు. ఏ రోజుది ఆ రోజే. ఒకసారి, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో "అప్పటి ఇంగ్లండు రాజుకి చివర్లో తల తీసేస్తారు కదండీ" అని అనబోతే, ఈయన పళ్ళెం కింద పెట్టేసి, "దయచేసి! మనం ఇంకా 1641లో ఉన్నాం. ఆయన నిక్షేపంగా ఉన్నాడు" అని చెవులు మూసుకున్నాడు.

2008 జనవరిలో భాస్కర్‌కి జ్వరం పట్టుకుంది. ఫ్లూ అనుకున్నాం. మూడు వారాల తర్వాత డాక్టరు తలుపు మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది, రక్తంలో క్యాన్సరని. భాస్కర్‌కి ముప్ఫై ఎనిమిది. వరంగల్‌లో పుట్టి, డెన్వర్‌లో ఎమ్మెస్ చేసి, ఈత అంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంటికొచ్చే దారిలో ఒక్క మాటే అన్నాడు. "సుధా, అమ్మకి ఇప్పుడే చెప్పకు."

వార్త వీధిలో పాకింది. అందరూ వచ్చారు. వచ్చి ఏం మాట్లాడాలో తెలీక, గొంతులు తగ్గించి, సోఫా అంచున కూర్చుని వెళ్ళేవాళ్ళు. భాస్కర్‌కి అదే నరకంగా ఉండేది. "అందరూ నన్ను పోయినోణ్ణి చూసినట్లు చూస్తున్నరు" అనేవాడు.

పరంధామయ్యగారు వచ్చిన రోజు గొంతు తగ్గించలేదు. కాగితాలు ముఖానికి అడ్డంగా పెట్టుకుని అన్నాడు. "పెద్ద ప్రమాదం వచ్చిపడింది నాయనా. రాజు లండన్ వదిలి వెళ్ళిపోయాడు."

భాస్కర్ లేచి కూర్చున్నాడు. "ఎక్కడికి పోయిండు?"

"ఎవరికీ తెలీదు. సభ ఉత్తరం రాస్తోంది, రమ్మని."

"మరి ఒస్తడా?"

"రేపు చూద్దాం."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే ధ్యాస. పొద్దున్న పదింటికి ఆయన గడపలో అడుగు పెట్టగానే లోపల నుంచి భాస్కర్ కేక. "రాజు ఒచ్చిండా బాబాయ్?"

"రాలేదు నాయనా. ఉత్తరం వచ్చింది."

"ఏమన్నడు?"

"సభదే తప్పన్నాడు."

"సభ ఏమన్నది?"

"రాజుదే తప్పంది."

"నా ఆఫీస్ కాన్ఫరెన్స్ కాల్స్ గూడ గిట్లనే ఉంటయి" అని భాస్కర్ నవ్వేవాడు. కొన్ని రోజులు ఆ నవ్వు కోసమే నేను పది గంటల దాకా కాచుకునేదాన్ని.

మార్చి మొదటి వారం నుంచి కీమో మొదలైంది. ప్రతి గురువారం. మొదటి గురువారం నేను కారు తీస్తుంటే, పరంధామయ్యగారు పరుగు లాంటి నడకతో వచ్చి వెనక సీట్లో ఎక్కేశాడు. ఆసుపత్రిలో నాలుగు గంటలు సెలైన్ సీసా కింద కూర్చోవాలి. ఆయన స్టూలు లాక్కుని, స్పైరల్ నోట్‌బుక్ తెరిచి, సభ మొదలుపెట్టాడు.

గురువారాల సభలు అద్భుతంగా ఉండేవి. మిగతా రోజుల్లో రాజుతో యుద్ధానికి మందుగుండు, కోటలు, ఒకరి మీద ఒకరు నిందలు. గురువారం వచ్చేసరికి ప్రభువులకి ఎక్కడలేని సరదా పుట్టేది.

భాస్కర్ నోటికి రుచి పోయిన వారం, ఒక ముసలి ప్రభువు సభలో లేచి, తన వంటవాడు మూడు రోజులుగా సూపులో ఉప్పు వెయ్యడం లేదనీ, ఇది సభా హక్కుల ఉల్లంఘన అనీ ఫిర్యాదు చేశాడు. వంటవాణ్ణి పిలిపించారు. వాడొచ్చి, "దొరసానిగారు వద్దన్నారండీ" అన్నాడు. దొరసానిని పిలిపిద్దామని ఒకరు ప్రతిపాదించారు. బలపరిచేవాళ్ళు ఒక్కరూ లేక ప్రతిపాదన వీగిపోయింది.

మార్చి ఇరవై ఏడున భాస్కర్ మొదటిసారి నున్నటి తలతో ఆసుపత్రికి వచ్చాడు. పొద్దున్నే షవర్‌లో మిగిలిన జుట్టంతా ఊడిపోయింది. ఆ రోజు సభలో, విచిత్రంగా, జుట్టు రాలిపోయిన ఒక ప్రభువు టోపీతో వచ్చాడు. సభలో టోపీ తియ్యాలా వద్దా అని మూడు గంటలు చర్చ. చివరికి, ఆయనకి జుట్టు మొలిచేదాకా సభ్యులందరూ టోపీలు పెట్టుకునే ఉండాలని తీర్మానించారు. ఒక్కాయన ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆయన టోపీ కుక్క కొరికేసింది.

భాస్కర్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే?" అంది.

"ఇంకా చర్చ నడుస్తోంది" అన్నాడు పరంధామయ్యగారు గంభీరంగా.

జూన్‌లో ఒకరోజు డాక్టరు నన్ను ఒక్కదాన్నే పిలిచింది. మందు పనిచెయ్యడం లేదు. నెలల లెక్క కూడా కాకపోవచ్చంది. నేను బయటికొచ్చి వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. పరంధామయ్యగారు ఎదురొచ్చాడు. నాకెందుకో ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

"బాబాయిగారూ, ఆ రాజు సంగతి ఆయనకి చెప్పెయ్యండి."

"ఇంకా జరగలేదు కదమ్మా."

"జరిగి మూడొందల ఏళ్ళయింది! రోజూ అడుగుతున్నాడు, వచ్చాడా, వచ్చాడా అని. అదంతా తేలేదాకా ఆయన ఉండడు. ఆయనకి టైమ్ లేదు. అర్థమవుతోందా మీకు?"

ఆయన నోట్‌బుక్ మూశాడు. "నేను రిపోర్టరునమ్మా" అన్నాడు నెమ్మదిగా. "జరగంది రాయను."

ఎంత రాతిగుండె మనిషో అనుకున్నాను. ఆ వారం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మాత్రం పదింటికి వస్తూనే ఉన్నాడు. లోపల నుంచి కేక రోజురోజుకీ చిన్నదవుతూ వచ్చింది. జులై చివరికి అది కేక కాదు, పెదవుల కదలిక. ఈయన మంచం మీదికి వంగి, చెవి దగ్గర పెట్టి విని, "రాలేదు నాయనా. కబురొచ్చింది" అని జవాబిచ్చేవాడు.

ఆగస్టు పన్నెండు, మంగళవారం, తెల్లవారి కాసేపటికి భాస్కర్ వెళ్ళిపోయాడు. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. పదింటికి పరంధామయ్యగారు కాగితాలతో వచ్చి, గడపలో రాధారాణి మొహం చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత లోపలికొచ్చి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. కాగితాలు తెరవలేదు. సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు.

కర్మలు అయ్యాయి. అత్తగారు, అమ్మ వచ్చి వెళ్ళారు. నేను మళ్ళీ ఆఫీస్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. పరంధామయ్యగారు మా గడప తొక్కడం మానేశాడు. వీధిలో కూడా ఎవరికీ ఏమీ చదవడం లేదట. రాధారాణి ఒకరోజు కారు దగ్గర కనిపించి చెప్పింది. "నాన్న ఆ వలంటీరు పని వదిలేశారు సుధా. రాజీనామా ఈమెయిల్ కూడా పంపారు. కారణం అడిగితే చెప్పరు. కిటికీ దగ్గర కూర్చుంటారంతే."

అక్టోబరులో ఒక గురువారం ఆఫీస్‌కి సెలవు పెట్టాను. ఊరికే. గురువారం ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేకపోవడం నాకింకా అలవాటు కాలేదు. భాస్కర్ లాప్‌టాప్ మొదటిసారి తెరిచాను. టోపీల చర్చ మళ్ళీ చదవాలనిపించింది. భాస్కర్ అంత గట్టిగా నవ్వడం అదే ఆఖరుసారి.

ఆ సంస్థ సైట్ బుక్‌మార్క్‌లలోనే ఉంది. 1642 తెరిచాను. తేదీల వరస వచ్చింది. మార్చి ఇరవై ఆరు ఉంది. దాని కింద ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు లేదు. పేజీ పోయిందనుకున్నాను. ఉప్పు లేని సూపు కోసం ఏప్రిల్ మూడు చూశాను. లేదు. పదీ లేదు, పదిహేడూ లేదు. అప్పుడు పేజీల శీర్షికలు చూశాను. ఇరవై ఆరు శనివారం, ఇరవై ఎనిమిది సోమవారం. మా గురువారాలన్నీ ఆ ఏడాదిలో ఆదివారాలు. ఆదివారం ప్రభువుల సభకి సెలవు.

కీమో మొదలవక ముందు, వారానికి ఒక రోజు ఆయన మా ఇంటికి రాకపోయేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా కనిపించింది. తెరిచి చదివిన పేజీల పేర్లు నీలం నుంచి ఊదా రంగుకి మారతాయి కదా. ఆ వరసంతా ఊదాగా ఉంది. 1642 ఊదా. 1643 ఊదా. కిందికి వెళ్తూనే ఉన్నాను. 1649 ఫిబ్రవరి ఆరు దాకా ఊదాయే. అది చివరి పేజీ. రాజు తల తీసి వారమైంది. పిడికెడు మంది ప్రభువులు వచ్చారు, మామూలు పనులు చూసుకున్నారు, రేపటికి వాయిదా అని రాసుకున్నారు. ఆ రేపు పదకొండేళ్ళ దాకా రాలేదు. సభనే రద్దు చేశారు.

భాస్కర్ అదంతా చదివాడు. ఎప్పుడో చదివేశాడు.

చెప్పుల్లో కాళ్ళు కూడా సరిగ్గా పెట్టుకోకుండా పక్కింటికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గరే ఉన్నాడు.

"బాబాయిగారూ, మార్చి ఇరవై ఏడున సభ జరగలేదు."

ఆయన తల వంచుకున్నాడు. "లేదమ్మా."

"మరి టోపీలు? ఉప్పు?"

"నేనే కల్పించాను." దొంగతనం ఒప్పుకుంటున్నవాడి గొంతు. "మొదటి గురువారం పొద్దున లేచి చూసుకుంటే సభ లేదు. రానులే అనుకుని కిటికీలోంచి చూస్తున్నాను. మీరు కారు తీస్తున్నారు. అబ్బాయి తలెత్తి మా ఇంటి వైపు చూశాడు. అంత కష్టమైన రోజున, ఇవాళ ఏమీ లేదు నాయనా అని ఎలా చెప్పను? నోట్‌బుక్ పట్టుకుని వచ్చేశాను. ఆసుపత్రి వచ్చేలోపల వెనక సీట్లో రాశాను." కళ్ళజోడు తీశాడు. "సర్వీసంతా ఒక్క మాట చేర్చలేదు, ఒక్క మాట తీయలేదు. ఇక్కడ ఇరవై మూడు సభలు పుట్టించాను. అలాంటి చెయ్యి రికార్డు ముట్టుకోకూడదు. అందుకే మానేశాను."

"భాస్కర్‌కి తెలుసు."

"ఏం తెలుసు?"

"గురువారం సభ ఉండదని తెలుసు. రాజు సంగతీ తెలుసు. చివరి పేజీ దాకా చదివాడు. నేనిప్పుడే చూశాను."

ఆయన తలెత్తి నావైపు తిరిగాడు. "తెలిసే, రాజొచ్చాడా అని రోజూ అడిగాడా?"

"అడిగాడు."

వంటింట్లో రాధారాణి చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. పరంధామయ్యగారు కళ్ళజోడు తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. నాకూ ఏమీ కనిపించడం లేదు. ఎటో చూస్తూ అడిగారు.

"ఏ గురువారం బాగుందన్నాడు?"

"నాతో చెప్పలేదు బాబాయిగారూ."

"మొదటిది బాగా రాలేదు. కారు కుదుపుల్లో రాశాను." లేచి, లోపలికెళ్ళి, నోట్‌బుక్ తెచ్చారు. అంతా షార్ట్‌హ్యాండ్. ఆయన తప్ప ప్రపంచంలో ఎవరూ చదవలేరు. "ఆగస్టు పద్నాలుగుది కూడా రాసి ఉంచాను. వినిపించలేదు."

"వినిపించండి."

ఆయన నిటారుగా కూర్చున్నారు. ప్రార్థన అయింది. హాజరు అయింది. ఒక దొరసాని తన భర్త చేత రోజూ పొద్దున్నే గోధుమ గడ్డి రసం తాగిస్తోందనీ, అది పచ్చగా, గుర్రాల మేతలా ఉంటోందనీ, ప్రభువుల మర్యాదకి భంగమనీ ఫిర్యాదు వచ్చింది. సభ ఆ రసాన్ని ఏకగ్రీవంగా ఖండించింది. అంతలో దొరసాని గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. సభ ఏకగ్రీవంగా తాగింది.

ఎవరో ఇంటర్నెట్‌లో చూసి చెప్తే, ఆరు నెలల పాటు రోజూ పొద్దున్నే భాస్కర్ ముక్కు మూసి ఆ రసం తాగించింది నేనే. నా మీద ఈయనకి ఫిర్యాదు చేశాడన్నమాట! ఏడుస్తున్నదాన్నే, ఫక్కున నవ్వేశాను. వంటింట్లోంచి రాధారాణి కూడా నవ్వింది.

పరంధామయ్యగారు చదవడం ఆపి, జేబులోంచి పెన్సిల్ తీసి, పేజీ అంచున ఏదో గీశారు.

"ఏం రాశారు?"

"సభలో ఏది జరిగితే అది రాయాలి కదమ్మా" అన్నారాయన. "బ్రాకెట్లో 'నవ్వులు' అని రాశాను."